అనుబంధంలో కనిపించని ప్రశ్న

గత నెలలో ఒక ఎం.ఏ. విద్యార్థిని తన ప్రాజెక్టు రిపోర్టును వైవాకు ముందు ఒకసారి చూసిపెట్టమని నాకు ఇచ్చింది. విశాఖ తీరంలోని పెద జాలరిపేటలో మత్స్యకార కుటుంబాల స్త్రీల ఉపాధి గురించి చేసిన అధ్యయనం అది. శాంపిల్‌ను ఎలా ఎంచుకున్నదీ ఓపికగా వివరించింది, పట్టికలు శుభ్రంగా ఉన్నాయి, చివర ఇంగ్లీషు ప్రశ్నావళిని అనుబంధంగా జతచేసింది. ఒక్క పట్టిక దగ్గర మాత్రం నా చూపు ఆగిపోయింది. తాను కలిసిన స్త్రీలలో సగానికి పైగా ‘పని చేయడం లేదు’ అన్న గడిలో ఉన్నారు. తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బరుకు ఒక్కసారి వెళ్ళి, వేలం పాడే చోట గంపలు పక్కన పెట్టుకుని నిలబడిన ఆడవాళ్ళను చూసినవారెవరూ ఆ పట్టికను ఒప్పుకోలేరు.

నేను ఆ అమ్మాయిని శాంపిల్ గురించి అడగలేదు. “ఈ ఏడో ప్రశ్నను ఆ ఇంటి ముందు నిలబడి ఏ మాటల్లో అడిగావు?” అని మాత్రం అడిగాను. “ఆర్ యూ కరెంట్లీ వర్కింగ్ అని ఉంది కదా మేడమ్, మీరు పని చేస్తున్నారా అని అడిగాను” అంది. కాసేపు ఆలోచించి, కొందరిని “ఉద్యోగం ఏమైనా చేస్తున్నారా” అని కూడా అడిగానని చెప్పింది. మరి కాసేపటికి ఇంకో మాట బయటపెట్టింది: “మొదటి రెండు రోజులు, మీరేం చేస్తుంటారండీ అని అడిగేదాన్ని మేడమ్. అలా అడిగితే వాళ్ళు చాలాసేపు మాట్లాడుతున్నారు. ఏ గడిలో రాయాలో తెలిసేది కాదు. అందుకని మానేశాను.”

అప్పటినుంచి ఆ సంభాషణ నా మనసులోంచి పోవడం లేదు. ఆ రిపోర్టు అనుబంధంలో అచ్చయిన ప్రశ్నను జాలరిపేటలో ఎవరూ ఎవరినీ అడగలేదు. అక్కడ నిజంగా అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా రిపోర్టులో లేదు. తప్పు ఆ అమ్మాయిదని నేను అనుకోవడం లేదు. మా విశ్వవిద్యాలయాల్లోనూ కళాశాలల్లోనూ ఇన్నేళ్ళుగా మేము నేర్పుతున్న పద్ధతే అది. ఇంగ్లీషులో ప్రశ్నావళి తయారవుతుంది, ఇంగ్లీషులోనే గైడ్ దాన్ని దిద్దుతారు, ఇంటి గుమ్మం దగ్గర అది ఆ పూటకు నోటికొచ్చిన తెలుగులోకి మారుతుంది, జవాబు మళ్ళీ ఇంగ్లీషు గడిలోకి వెళ్ళి కూర్చుంటుంది. మధ్యలో పలికిన తెలుగు వాక్యం గాలిలో కలిసిపోతుంది. పరిశోధనకు అసలు సాధనం ఆ వాక్యమేనని, దాన్ని యథాతథంగా నమోదు చేయని సర్వేను అసంపూర్ణమైన సర్వేగానే చూడాలని నా అభిప్రాయం.

పని వేరు, బేరం వేరు

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల కలిగినది కాదు. ఇరవై ఏళ్ళ క్రితం, చదువు పూర్తయిన కొత్తలో, ఒక సంస్థ చేపట్టిన కుటుంబ సర్వేలో నేను ఇన్వెస్టిగేటర్‌గా కొన్ని నెలలు పనిచేశాను. పూర్తి చేసిన ఫారానికి ఇంత అని లెక్కకట్టి డబ్బులు ఇచ్చేవారు. ఒకరోజు తీరం దగ్గరి పేటలో అరవై ఏళ్ళు దాటిన ఒక స్త్రీ ఇంటి ముందు పాత వల పరిచి మెత్తళ్ళు ఎండబెడుతోంది. పక్కన కూర్చుని, వరుసలో వచ్చిన ప్రశ్నను అడిగాను: “మీరేమైనా పని చేస్తారా అమ్మా?”

“నాకు పనేటి పాపా, ముసిల్దాన్ని. ఇంటికాడే ఉంటాను” అంది, చేపల్ని తిరగేస్తూ.

నేను 92 అని రాసుకున్నాను. కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ నమూనా సర్వే కోడ్‌లలో 92 అంటే ఇంటి పనులు మాత్రమే చేసుకునేవారు. 93 అంటే ఇంటి పనులతో పాటు కట్టెపుల్లలు ఏరుకురావడం, కుట్టుపని వంటివి సొంత ఇంటి అవసరాలకు చేసుకునేవారు. రెండూ ‘శ్రామికశక్తిలో లేనివారి’ కోడ్‌లే. ఇంకా ఫారం సగం కూడా కాకముందే పక్కింటామె వచ్చి, “రేపు బేరానికొస్తావా?” అని అడిగింది. “వస్తాను” అంది ఈమె. అప్పుడు నాకు తెలిసింది, వారానికి రెండు మూడు రోజులు ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళోని కాలనీల్లో తిరిగి అమ్ముకొస్తుందని. “ఇందాక పని లేదన్నారు కదమ్మా, మరి బేరం పని కాదా?” అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. “ఒకలికాడ చేసేది పని. బేరం నాది” అంది.

కోడ్ మార్చాను. కానీ ఆ మాటను ఎక్కడ రాయాలో ఫారంలో చోటు లేదు. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదని చెప్పడం సులువు, నా సూపర్‌వైజరు అలాగే చెప్పారు కూడా. కానీ ఆమె చెప్పినది చాలా స్పష్టమైన విభజన. ఇతరుల అదుపులో, వాళ్ళు చెప్పిన వేళకు, వాళ్ళిచ్చే కూలికి చేసేది ఒకటి. సొంత పెట్టుబడితో, సొంత లాభనష్టాలతో చేసుకునేది మరొకటి. ఆర్థికశాస్త్ర పుస్తకాలు కూలి శ్రమ అనీ స్వయం ఉపాధి అనీ వేరు చేసేది కూడా దీన్నే. తేడా అల్లా ఆమె ‘పని’ అన్న పేరును మొదటిదానికి మాత్రమే ఇచ్చింది, ప్రశ్నావళి రాసినవారు రెండింటికీ ఇచ్చారు.

ఆ తర్వాత నేను మా భాషను కొంచెం శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను. ఉత్తరాంధ్రలో ‘పనిలోకి వెళ్ళాడు’ అంటే కూలికి వెళ్ళాడనే అర్థం. ‘ఈవేళ పని దొరకలేదు’ అన్నా అదే. ‘పనిమనిషి’ అంటే ఇతరుల ఇంట్లో చేసే మనిషి. ఇంతకంటే సూక్ష్మమైన విషయం మన క్రియల్లో ఉంది. చేయడం వేరు, చేసుకోవడం వేరు. అమ్ముకుంటాను, కుట్టుకుంటాను, మేపుకుంటాను, ఎండబెట్టుకుంటాను, నాలుగు ఇళ్ళలో పాలు పోసుకుంటాను అని మన ఆడవాళ్ళు చెబుతారు. ఆ ‘కొను’ చేరగానే అది తన కోసం, తన ఇంటి కోసం చేసేది అయిపోతుంది. ‘మీరు పని చేస్తున్నారా’ అన్న ప్రశ్నలో ఆ ‘కొను’ లేదు. అందుచేత చేసుకునేవారందరూ ‘లేదండీ’ అంటారు, ఏ అబద్ధమూ ఆడకుండానే. ఇంగ్లీషు ప్రశ్నకు ఈ చిక్కు తెలియదు, ఎందుకంటే ఆ భాషలో ఈ తేడా క్రియలోనే ఇమిడి లేదు. దాని చిక్కులు దానికి వేరే ఉన్నాయి.

ప్రశ్న రూపం మారితే లెక్క ఎంత మారుతుందో మన జనగణన చరిత్రలోనే ఉంది. 1961తో పోలిస్తే 1971లో పనిచేసే స్త్రీల నిష్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదేళ్ళలో దేశంలోని ఆడవాళ్ళలో సగం మంది పని మానేయలేదు. 1971లో మొదట ‘మీ ప్రధాన వ్యాపకం ఏమిటి’ అన్న దిశలో ప్రశ్న మారింది. పొలంలోనూ ఇంట్లోనూ చేసే స్త్రీకి ప్రధాన వ్యాపకం ఇల్లే అని నమోదైపోయింది. తర్వాత 1991లో, సొంత పొలంలో లేదా కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పని కూడా లెక్కలోకి వస్తుందని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చవలసి వచ్చింది. 1970ల రెండో సగంలో రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో పరిశోధకులు దేవకీ జైన్, మాలినీ చంద్ చేసిన కాల వినియోగ అధ్యయనం, అంటే రోజులో ఏ పనికి ఎంత సమయం పోతుందో చూసే అధ్యయనం, కూడా ఇదే చూపించింది. ఇంటిపని మాత్రమే చేసుకుంటారని నమోదైన స్త్రీలలో కొందరు రోజుకు గంటల తరబడి పశువులు మేపడం వంటి పనుల్లో ఉన్నారు.

యజమాని పై అంతస్తులో ఉంటారు

మరో సంఘటనను క్లుప్తంగా చెబుతాను. అదే సర్వేలో ‘కుటుంబ యజమాని పేరు’ అని అచ్చు తెలుగులో ఒక గడి ఉండేది. కంచరపాలెం వైపు ఒక అద్దె ఇంట్లో ఉన్న స్త్రీని “మీ యజమాని పేరేమిటండీ” అని అడిగితే, “యజమాని పై అంతస్తులో ఉంటారు, పిలవమంటారా?” అంది. ఇంటి ఓనరు గురించి అడుగుతున్నాననుకుంది. ‘ఇంటి పెద్ద ఎవరు’ అని మార్చి అడిగితే, బతికున్న అత్తగారి పేరు చెప్పింది. ‘సంసారం నడిపేది ఎవరు’ అంటే తానేనంది. రేషన్ కార్డు తీసి చూపించమంటే అందులో మరో పేరు ఉంది. ఒకే ఇంటికి నలుగురు యజమానులు వచ్చారు. వీరిలో ఎవరి పేరు రాస్తానన్నదాన్ని బట్టి ఆ ఇల్లు ‘స్త్రీ పెద్దగా ఉన్న కుటుంబం’ అవుతుందో కాదో తేలుతుంది, ఆ సంఖ్య మీద పథకాలు తయారవుతాయి. జనగణన నిర్వచనం ప్రకారం, కుటుంబం ఎవరిని పెద్దగా గుర్తిస్తే వారే పెద్ద. నిర్వచనం బాగానే ఉంది. కుటుంబం ఎవరిని గుర్తిస్తుందన్నది అడిగిన మాటను బట్టి మారుతున్నప్పుడు ఆ నిర్వచనం ఒక్కటే సరిపోదు.

అందరినీ ఒకే మాటతో అడగాలి అన్న వాదం

నాతో పాటు గణాంకశాస్త్రం బోధించే ఒక మిత్రుడితో ఈ విషయం చాలాసార్లు వాదించాను. ఆయన అభ్యంతరం తేలికగా తీసిపారేయదగినది కాదు. “ఒక్కో ఇంటి దగ్గర ఒక్కో రకంగా అడిగితే దాన్ని సర్వే అనరు, ముచ్చట అంటారు. నూరు ఇళ్ళను పోల్చాలంటే నూరు చోట్లా ఒకే కొలబద్ద ఉండాలి. కొలబద్ద కొంచెం తప్పుగా ఉన్నా ఫరవాలేదు, అన్నిచోట్లా ఒకేలా తప్పుగా ఉంటే చాలు” అంటారు ఆయన. ఇందులో చాలా నిజం ఉంది. అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగాన్ని 1941లో డోనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు ప్రచురించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని కొందరిని, వాటిని నిషేధించాలా అని మరికొందరిని అడిగారు. అనుమతించకూడదన్నవారు 62 శాతం, నిషేధించాలన్నవారు 46 శాతం. తర్కం ప్రకారం రెండూ ఒకటే. అనుమతించకపోవడమే కదా నిషేధం. అయినా ‘నిషేధం’ అన్న మాటకున్న బరువు చాలామందిని వెనక్కి లాగింది. ఒకే భాషలో, ఒకే దేశంలో ఒక్క క్రియ మారితేనే ఇంత తేడా వస్తే, ఇన్వెస్టిగేటర్లు తమకు తోచినట్లు అడగడం ఎంత ప్రమాదమో మిత్రుడు చెప్పకపోయినా తెలుస్తుంది.

కానీ ఈ ఉదాహరణ నా వాదానికే ఎక్కువ బలం ఇస్తుందని నాకు అనిపిస్తుంది. రగ్ ప్రయోగం గురించి ఈనాడు మనం మాట్లాడగలగడానికి కారణం, ఆయన అడిగిన రెండు వాక్యాలూ అచ్చులో ఉండడమే. నా విద్యార్థిని అడిగిన మూడు వాక్యాలు అచ్చులో లేవు. మిత్రుడు కోరుకునే ‘ఒకే కొలబద్ద’ కాగితం మీద ఉంది, పేటలో లేదు. పేటలో మూడు కొలబద్దలు వాడి, రిపోర్టులో ఒకటి చూపించాము. నేను ఏకరూపతను వదిలేయమని కోరడం లేదు. ఏకరూపత ఉందని చెప్పుకునే ముందు అది ఉందో లేదో చూడమంటున్నాను.

ఇక అనువాదం సంగతి. ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండు ఇంగ్లీషు పాఠాలూ సరిపోలితే అనువాదం బాగుందనుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని మేము పాఠంగా చెబుతాము. ‘మీరు పని చేస్తున్నారా’ ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులతో గట్టెక్కుతుంది. తిరిగి అనువదించే ఏ చదువుకున్న మనిషీ దాన్ని వేరే విధంగా మార్చడు. ఎందుకంటే ఆ పరీక్ష ఇద్దరు ఇంగ్లీషు తెలిసిన తెలుగువాళ్ళ మధ్య జరుగుతుంది, మెత్తళ్ళు ఎండబెట్టుకునే మనిషి అందులో ఎక్కడా లేదు.

అడిగే మనిషి వల్ల లెక్క మారుతుందన్న స్పృహ మన దేశంలో కొత్తదేమీ కాదు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు రూపమిచ్చిన మహలనోబిస్, అంతకుముందే బెంగాల్ పంటల సర్వేల కాలంలో ఒక పద్ధతిని అమలు చేశారు. ఒకే ప్రాంతం నుంచి రెండు స్వతంత్ర ఉపనమూనాలు తీసి, వాటిని రెండు వేర్వేరు ఇన్వెస్టిగేటర్ల బృందాలకు అప్పగించేవారు. రెండు బృందాల ఫలితాల మధ్య తేడాను చూస్తే, కేవలం నమూనా వల్ల వచ్చే తేడా ఎంతో, మనుషుల వల్ల వచ్చే తేడా ఎంతో అంచనా దొరికేది. నాకు ఈ పద్ధతి అంటే ఎంతో గౌరవం. అడిగే మనిషిని గాజుపలకలాగా పారదర్శకమని భావించకుండా, అతన్ని కూడా కొలవవలసిన విషయంగా చూసిన పద్ధతి అది. మా విద్యార్థుల రిపోర్టుల్లో ‘దత్తాంశాలు సేకరించబడినవి’ అన్న వాక్యం చదివినప్పుడల్లా మహలనోబిస్ గుర్తొస్తారు. ఎవరు సేకరించారు? ఆడపిల్లా, మగపిల్లవాడా? ఆ పేట మనిషా, వాల్తేరు మనిషా? అడుగుతున్నప్పుడు ఆ స్త్రీ భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడా? ‘బడినవి’ అన్న ఆ ఒక్క ప్రత్యయం వీటన్నింటినీ మింగేస్తుంది.

2027 జనగణన ముందున్న ఈ కాలంలో ఈ మాట మరింత అవసరమని అనుకుంటున్నాను. స్వతంత్ర భారతదేశంలో తొలిసారిగా అన్ని కులాల వివరాలనూ జనగణనలో సేకరించబోతున్నారు, అదీ మొబైల్ యాప్ ద్వారా. 1931 జనగణనలో నమోదైన కులాల సంఖ్య 4,147. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనలో కులం పేరిట వచ్చిన జవాబులు 46 లక్షల రకాలని కేంద్ర ప్రభుత్వం 2021లో సుప్రీంకోర్టుకు తెలిపింది. 46 లక్షల కులాలు ఏ దేశంలోనూ ఉండవు. ఒకే పేరును ఎన్యూమరేటర్లు రకరకాల స్పెల్లింగులతో రాయడం, ఒకరు కులం చెబితే మరొకరు ఉపకులమో గోత్రమో ఇంటిపేరో చెప్పడం వంటివన్నీ కలిసి ఆ సంఖ్యను పెంచాయి. విశాఖ తీరంలోనే, ‘మీ కులం ఏమిటి’ అని అడిగితే ఒకరు జాలరి అంటారు, ఒకరు వాడబలిజ అంటారు, మరొకరు ‘మేము గంగపుత్రులమండీ’ అంటారు. అడిగింది యువకుడైన బయటి మనిషైతే ఒక జవాబు, పక్క వీధి టీచరమ్మ అయితే ఇంకో జవాబు రావచ్చు. యాప్‌లో జాబితా పెట్టి ఎంచుకోమంటే అక్షరదోషాలు పోతాయి, సందేహం లేదు. కానీ జాబితాలోంచి ఎంచుకునేది ఎవరి వేలు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

‘ఏమో’ అన్న జవాబు

ఇప్పుడు చెప్పబోయేది నాకు ఇష్టమైన విషయం కాదు. ఆ పాత సర్వేలో కొన్ని అభిప్రాయ ప్రశ్నలు ఉండేవి. 1932లో రెన్సిస్ లికర్ట్ ప్రతిపాదించిన తరహాలో ఒక వాక్యం చదివి, పూర్తిగా అంగీకరిస్తారా, అంగీకరిస్తారా, తటస్థంగా ఉంటారా అంటూ ఐదు మెట్లు చెప్పాలి. మొదటి రోజునే ఆ ఐదు మెట్లూ కూలిపోయాయి. మనుషులు వాటి మీద నిలబడి మాట్లాడరు. “అంతే కదండీ” అంటారు. “మీరెలాగంటే అలాగే రాసుకోండి” అంటారు. “మా ఆయన్ని అడగండి” అంటారు. అన్నింటికంటే ఎక్కువగా “ఏమో” అంటారు.

‘ఏమో’ను మూడో మెట్టుగా, అంటే తటస్థంగా రాయమని మాకు చెప్పారు. నేను నెలల తరబడి అలాగే రాశాను. తెలుగులో ‘ఏమో’ తటస్థం ఎన్నడూ కాదని నాకు తెలిసి కూడా రాశాను. దీర్ఘం తీసి ‘ఏమోనమ్మా’ అంటే అనుమానం. పొట్టిగా తెంపి ‘ఏమో’ అంటే నీతో చెప్పను అని. భర్త వైపు చూసి అంటే ఇప్పుడు అడగవద్దు అని. నవ్వుతూ అంటే ఇదేం ప్రశ్న అని. కొన్నిసార్లు నిజంగానే తెలియదని. వీటన్నింటినీ ఒకే అంకెగా మార్చిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. సాయంత్రం ఫారాలు అప్పగించే ముందు ఖాళీ గడులు ఉంటే డబ్బులు కోత పడేవి. అందుచేత వదిలేసిన కొన్ని గడుల్ని బస్సులో కూర్చుని నేనే నింపిన రోజులు కూడా ఉన్నాయి. ఆ అంకెలు ఏదో ఒక నివేదికలో ఇప్పటికీ శాతాలుగా ఉన్నాయని తలచుకుంటే నాకు స్థిమితంగా ఉండదు.

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియేర్ బూర్ద్యూ 1970ల తొలినాళ్ళలో ప్రజాభిప్రాయ సేకరణ మీద చేసిన విమర్శను తర్వాత చదివినప్పుడు ఆ ఫారాలు కళ్ళముందు కనిపించాయి. ఆయన ప్రకారం అలాంటి సర్వేలు మూడు విషయాలను చెప్పకుండానే ముందుగా ఊహించుకుంటాయి. ప్రతి ఒక్కరికీ ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉంటుందన్నది ఒకటి. అన్ని అభిప్రాయాలకూ ఒకే విలువ ఉంటుందన్నది రెండోది. ఏ ప్రశ్నలు అడగదగినవో అందరూ ముందే ఏకీభవించారన్నది మూడోది. జవాబు చెప్పనివారిని శాతాల్లోంచి తీసేయడం ఎంత పెద్ద నిర్ణయమో ఆయన విడమరిచి చెప్పాడు. నాకు అందులో మూడో అంశం అన్నింటికంటే బరువైనదిగా తోస్తుంది. మత్స్యకార స్త్రీలను ‘మీ సాధికారత స్థాయి’ గురించి అడిగే ప్రశ్నావళులు నా బల్ల మీదకు ఏటా వస్తాయి. ఐసు ధర గురించి, ఆటోలో గంప ఎక్కించుకోవడానికి అడిగే డబ్బు గురించి, అమ్మే చోట కూర్చోవడానికి నీడ గురించి అడిగే ప్రశ్నావళి ఒక్కటి కూడా ఇంతవరకు రాలేదు. ఈ విషయాల మీద వాళ్ళలో ఒక్కరు కూడా ‘ఏమో’ అనరు.

నన్ను వదలని అనుమానాలు

ఇంతా చెప్పి, నా వాదంలో నాకే తృప్తి కలగని చోట్లను దాచడం సరికాదు.

మొదటిది, తరచి అడగడానికీ, నోట్లో మాట పెట్టడానికీ మధ్య గీత ఎక్కడ ఉందో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. ‘బేరానికి వెళ్తారా, ఎండబెట్టుకుంటారా, వలలు బాగుచేస్తారా, ఎవరికైనా చేపలు శుభ్రం చేసిస్తారా’ అని వరుసగా అడుగుతూ పోతే, చివరకు ఏదో ఒకదానికి ఎవరైనా అవునంటారు. అప్పుడు ‘అందరూ పనిచేసేవారే’ అన్న నా ముందస్తు నమ్మకాన్నే నేను లెక్కగా మార్చుకున్నట్లవుతుంది. మన దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీల శ్రామిక భాగస్వామ్య రేటు, అంటే పని చేస్తున్నవారూ పని వెతుక్కుంటున్నవారూ కలిపి ఎంత శాతమన్నది, ప్రభుత్వ పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్ళలో ఇంత పెరుగుదల. ఇది నిజంగా ఉపాధి పెరగడమా, కష్టకాలంలో ఇంటి వ్యాపారంలోకీ పొలంలోకీ దిగవలసి రావడమా, లేక ఇన్వెస్టిగేటర్లు మునుపటికంటే తరచి అడగడమా అని ఆర్థికవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. నేను కోరుతున్న పని జరిగితే అంకె పెరుగుతుంది. పెరిగిన అంకెను చూపి ఉపాధి పెరిగిందని ఎవరైనా చెప్పుకోవచ్చు. ఆ అవకాశం నన్ను కలవరపెడుతుంది. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: రెండు సంవత్సరాల్లోనూ గుమ్మం దగ్గర అడిగిన వాక్యాలు మన చేతిలో ఉంటే, ఆ మూడు కారణాల్లో చివరిదైనా తేలిపోయేది.

రెండోది, ‘పని’ అన్న మాటను పూర్తిగా పక్కనపెట్టే దారి ఒకటి ఇప్పటికే ఉంది. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వేలో, ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు అరగంటకొకసారి ఏం చేశారో నమోదు చేశారు. జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడిపారని తేలింది. ఎవరినీ ‘మీరు పని చేస్తారా’ అని అడగకుండానే వచ్చిన లెక్క అది. నా మిత్రుడు దీన్ని చూపించి, “నీ సమస్య తీరిపోయింది కదా” అన్నారు. చాలావరకు తీరింది. కానీ గంటల లెక్క అడగడం కూడా ఒక అనువాదమే. బోట్లు ఒడ్డుకు వచ్చే వేళ, పిల్లలు బడికి వెళ్ళాక, ఎండ దిగాక అని రోజును గుర్తుంచుకునే మనిషి చేత అరగంటల లెక్క చెప్పించాలంటే, ఇన్వెస్టిగేటరు మళ్ళీ తన మాటల్లో మార్చుకోక తప్పదు. పైగా ఏ రోజు అడిగామన్నది కూడా చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో హార్బరు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు ‘గత 7 రోజుల్లో’ అని అడిగితే మగవాళ్ళ జవాబు ఒక తీరుగా మారుతుంది, ఎండుచేపల నిల్వ అమ్ముకునే ఆడవాళ్ళ జవాబు ఇంకో తీరుగా మారుతుంది. సర్వేను మే నెలలో పెట్టుకోవడానికి కారణం మా సెలవులు, వాళ్ళ సముద్రం కాదు.

మూడోది ఖర్చు, కాలం. ఇది నిజమైన అడ్డంకి. రోజుకు ఇన్ని ఇళ్ళు అని లక్ష్యం ఉన్న ఇన్వెస్టిగేటరును ప్రతి ప్రశ్నకూ తానన్న మాటలు రాసుకోమనడం న్యాయం కాదు. అందుకే నేను పెద్ద మార్పేదీ అడగడం లేదు. ప్రశ్నావళి తెలుగులోనే, అదీ ఆ ప్రాంతపు తెలుగులో, ముందు ఆ పేట మనుషులతో మాట్లాడి తయారుకావాలి. ఆ తెలుగు పాఠమే అనుబంధంలో రావాలి. కనీసం పది ఇళ్ళలోనైనా, మాటలు మార్చవలసి వచ్చినప్పుడు ఎలా మార్చారో, ఎవరు అడిగారో, పక్కన ఎవరు ఉన్నారో రాయాలి. ‘ఏమో’ను ఏ అంకెలోనూ కలపకుండా ‘ఏమో’గానే లెక్కించాలి. ఎం.ఏ. విద్యార్థికి ఇది వారం రోజుల అదనపు శ్రమ. లక్షల రూపాయలతో సర్వేలు చేసే సంస్థలకు అది కూడా కాదు.

మూడో గడి

ఆ విద్యార్థిని వైవా తేదీని మూడు వారాలు వాయిదా వేయమని విభాగానికి నేనే రాశాను. ఒప్పుకున్నారు. ఆమె మళ్ళీ జాలరిపేటకు వెళ్ళింది. ఈసారి ఫారంలో ప్రశ్న, జవాబు అన్న రెండు గడుల పక్కన ‘అడిగిన మాట’ అని చేత్తో గీసుకున్న మూడో గడి ఉంది. తిరిగి వచ్చాక ఆమె పట్టికలో ‘పని చేయడం లేదు’ అన్న వరుస బాగా చిన్నదైంది. పాత పట్టికను తీసేయవద్దని, రెండూ పక్కపక్కనే పెట్టమని చెప్పాను. అలా పెడితే వైవాలో తప్పు ఒప్పుకున్నట్లవుతుందేమోనని భయపడింది. ఆ భయం నాకు కొత్తది కాదు కాబట్టి నేనూ వైవాకు వచ్చి పక్కన కూర్చుంటానన్నాను.

ఆ మూడో గడులు చదువుతూ ఒక ఫారం దగ్గర ఆగాను. అడిగిన మాట: ‘రోజూ ఏమేం చేసుకుంటారమ్మా?’ దాని పక్కన సగం పేజీ జవాబు ఉంది, దాని కింద చిన్న అక్షరాలతో ఆమె ఇలా రాసుకుంది: ‘మొదటిసారి వచ్చినప్పుడు ఈవిడ ఏమీ చేయనని చెప్పారు. ఆ మాట గుర్తుచేస్తే, నువ్వు అప్పుడు ఇది అడగలేదు కదా పాపా అన్నారు.’